సాల్మన్ మేత మారింది సరే, స్టాటిన్ ఎందుకు ఆపారు?

ప్రశ్న: నా వయసు 54. మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఒమేగా-3 కోసం వారానికి రెండుసార్లు పెంపకం సాల్మన్ తింటున్నాను. ఇప్పుడు వాటికి చేపల పొడి బదులు సోయా, రేప్‌సీడ్ నూనె, పురుగుల పొడి పెడుతున్నారట. ఇక ఆ చేప తిని లాభముందా? రెండు నెలలుగా అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర) మానేసి రోజుకు 6 చేపనూనె క్యాప్సూల్స్ వేసుకుంటున్నాను. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 420 వచ్చాయి.

జవాబు: మీ ప్రశ్న చేప గురించి. నా భయం మాత్రం మీరు మానేసిన మాత్ర గురించి. స్టెంట్ పడినవారికి స్టాటిన్ ఇచ్చేది రిపోర్టులో అంకె తగ్గించడానికే కాదు. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పును అది తగ్గిస్తుంది. ఆ పని చేపనూనె చేయలేదు. కండరాల నొప్పుల వల్ల ఆపి ఉంటే, మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. అది మీ కార్డియాలజిస్టు నిర్ణయించాలి. ఈ వారంలోనే కలవండి. ఆస్పిరిన్ కూడా ఆపారా? ఆ సంగతి రాయలేదు. ఆపి ఉంటే వారం కూడా ఆగొద్దు, ఈరోజే ఫోన్ చేయండి.

క్యాప్సూల్ సీసా తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ముందువైపు 1000 మిల్లీగ్రాములని ఉన్నా, మామూలు రకంలో అసలైన ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మాత్రమే ఉంటాయి. ఆరు వేసుకున్నా రెండూ కలిపి 1.8 గ్రాములే. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినప్పుడు వైద్యులు రాసే మోతాదు రోజుకు 4 గ్రాములు. దాన్ని అందుకోవాలని సొంతంగా క్యాప్సూల్స్ పెంచకండి. ఎక్కువ మోతాదులో కొందరికి గుండె లయ తప్పుతుంది (ఏట్రియల్ ఫిబ్రిలేషన్). రక్తం పలుచబరిచే మందులు వాడేవారిలో రక్తస్రావం సంగతీ చూసుకోవాలి.

ఇక చేప. మీరు విన్నది నిజమే. నార్వేలో 1990లో సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం చేపల పొడి, చేపనూనెలే. 2013 నాటికి అవి 30 శాతానికి పడిపోయాయి. సాల్మన్ తిన్న నూనే దాని కండలో కనిపిస్తుంది. రేప్‌సీడ్ నూనెలో, సోయాలో ఈపీఏ, డీహెచ్‌ఏ ఉండవు, పురుగుల పొడిలోనూ దాదాపు లేనట్టే. అందుకే స్కాట్లాండ్ పెంపకం సాల్మన్‌లో 100 గ్రాములకు 2006లో 2.7 గ్రాములున్న ఈ రెండూ 2015 నాటికి 1.4కు తగ్గాయి. కంటికి కనిపించని సూక్ష్మ నాచు (మైక్రోఆల్గే) నుంచి తీసిన నూనె కలిపిన మేత పెట్టినా, చేపలను అమ్మకానికి పట్టే ముందు కొన్ని నెలలు చేపనూనె మేత పెట్టినా ఇవి మళ్లీ పెరుగుతాయి. ముక్క ఎర్రగా ఉందని మోసపోకండి. అది మేతలో కలిపే ఆస్టాక్సాంథిన్ రంగు, ఒమేగా-3కి గుర్తు కాదు.

తగ్గిన లెక్కతో చూసినా 120 గ్రాముల ముక్క వారానికి రెండుసార్లంటే రోజుకు 450 మిల్లీగ్రాముల పైమాటే. ఆహారంగా అది చాలు, నిరభ్యంతరంగా తినండి. మందుగా మాత్రం లెక్కపెట్టకండి.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే లెక్కగట్టి ఇచ్చే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకె నమ్మదగింది కాదు. నేరుగా కొలిచే ఎల్‌డీఎల్ అడగండి. దాంతో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు చేయించండి. మద్యం, తీపి ఎంత తీసుకుంటున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఛాతీలో నొప్పి వచ్చినా, పై కడుపు నొప్పి వీపులోకి పాకి వాంతులైనా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మిమ్మల్ని పరీక్షించకుండా నేను ఇంతకుమించి చెప్పలేను. మిగతాది మీ ఈసీజీ, పాత రిపోర్టులు చూసే డాక్టరు చెప్పాలి.