శ్రీకృష్ణదేవరాయల వంశం ఇప్పటికీ ఉందా?

మగ సంతతి వైపు చూస్తే లేదనే చెప్పాలి.

తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపు రాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు, భుజాల మీద పేర్లు కూడా చెక్కి ఉంటాయి, కానీ క్యూలో తోపులాటకి మనలో సగం మంది అటు చూడను కూడా చూడం. తిరుమలదేవి కొడుకు తిరుమలరాయుడికి చిన్నతనంలోనే పట్టాభిషేకం చేశారు, పిల్లవాడు కొద్దికాలానికే చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానంతో రాయలు తన మంత్రి తిమ్మరుసు కళ్లు తీయించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. నిజమెంతో గానీ, మన సినిమాలకి మాత్రం మంచి కథ దొరికింది.

1529లో రాయలు పోయాక సింహాసనం సవతి తమ్ముడు అచ్యుతరాయలకి వెళ్లింది. అప్పటిదాకా ఆయన్ని ఉంచింది ఎక్కడో కాదు, మన చంద్రగిరి కోటలోనే!

ఇక కూతురి వైపు. అల్లుడు కాబట్టే రామరాయలకి 'అళియ' అని పేరు, కన్నడంలో అళియ అంటే అల్లుడే. 1565 తళ్లికోట యుద్ధంలో ఆయన చనిపోయాడు, తర్వాత ఏలింది ఆయన తమ్ముడు తిరుమలరాయలు మొదలుపెట్టిన అరవీటి వంశం. చంద్రగిరి రాజధాని అయింది వీళ్ల కాలంలోనే. హంపి దగ్గర ఇప్పటికీ ఉన్న ఆనెగొంది రాజకుటుంబం చెప్పుకునేది కూడా ఈ అరవీటి వారసత్వమే, రాయల తుళువ వంశం కాదు.

అన్నట్టు, మన నాగలాపురం పేరు రాయల తల్లి నాగలాంబది.