వీ-క్రాస్‌కి 20 అంగుళాల రిమ్ములు, మడ్ టైర్లు: వేయించుకుని చూసినవాడి మాట

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మారేడుమిల్లి దగ్గర జీడితోట ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ బండి కొన్నారు. కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల చక్రాలు తీసేసి 20 అంగుళాల అల్లాయ్‌లు, వాటి మీద పెద్ద గుబ్బల మడ్ టైర్లు వేయిద్దామనుకుంటున్నారు. ఏ బ్రాండ్ మంచిది అని అడిగారు.

బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం. 20 అంగుళాలు మాత్రం వద్దండీ. నేను వేయించుకుని డబ్బు తగలేసుకున్నవాణ్ని.

నాది పాడేరు వైపు, కాఫీ, మిరియాల తోట. బండి మీలాంటిదే, శ్రీసిటీలో తయారై మన రాష్ట్రంలోనే తిరుగుతున్న బండి. కొన్న ఆర్నెల్లకే ఊళ్లో ఎవరిదో చూసి మనసు పడి 265/50 ఆర్20 వేయించాను. నిజం చెప్పాలంటే బండి పెళ్లికొడుకులా ఉండేది. ఆ సెప్టెంబరులో తోటకి వెళ్తూ వాగు దాటుతుంటే నీళ్ల కింద రాయి తగిలింది. స్పీడు పది కూడా లేదు. ఒడ్డెక్కి దిగి చూస్తే ముందు ఎడమ చక్రంలో గాలి లేదు. టైరు బాగానే ఉంది, రిమ్ము అంచు పగిలింది. స్టెప్నీ చూస్తే పాత 18 అంగుళాలది, సైజు వేరు. వెనకాల కాఫీ బస్తాలు, పైన వాన. ఆ రోజు ఇంటికి ఎలా చేరానో ఆ దేవుడికే తెలుసు.

అలా ఎందుకైందో తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. టైరు మీద 255/60 ఆర్18 అని ఉంటే 255 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ముకీ నేలకీ మధ్య ఉండే రబ్బరు. 18 రిమ్ము అంగుళాలు. మీ కంపెనీ టైరుకి సైడ్‌వాల్ 153 మిల్లీమీటర్లు. నేను వేయించిన 20 అంగుళాలదానికి 132. రాయి తగిలితే నలిగి సర్దుకోవాల్సింది ఆ రబ్బరే. దాన్ని నేనే డబ్బిచ్చి రెండు సెంటీమీటర్లు తగ్గించుకుని, ఆ చోటులో పగిలే అల్లాయ్ పెట్టుకున్నాను.

అందుకే దారి అటు కాదు, ఇటు. రిమ్ము తగ్గించి రబ్బరు పెంచండి. 255/65 ఆర్17 వేస్తే మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు, మీ 18 అంగుళాల టైరుతో సరిగ్గా సమానం. స్పీడోమీటరు మారదు, ఎక్కడా రాసుకోదు, రబ్బరు మాత్రం 166 అవుతుంది. 265/65 ఆర్17 అయితే ఎత్తు 776, రబ్బరు 172. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే. కంపెనీవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. ఇదే ఇసుజులో చవక మోడల్ హై-ల్యాండర్‌కి 245/70 ఆర్16 ఇచ్చారు, దాని సైడ్‌వాల్ 171. 2020లో వచ్చిన థార్‌లోనూ అంతే. ఖరీదైన ఎల్‌ఎక్స్‌కి 18 అంగుళాలు, తక్కువ ధర ఏఎక్స్‌కి 245/75 ఆర్16. అడవిలో తిరిగేవాడికి ఆ తక్కువ ధర చక్రమే మేలు. పెద్ద రిమ్ము షోరూమ్ అద్దాల వెనక బాగుంటుంది, అంతే.

మరీ పెద్దది, 265/70 ఆర్17 వేయమని కొందరు చెప్తారు. అది 803 మిల్లీమీటర్లు, అంటే ఐదు శాతం ఎక్కువ. మీటరు వంద చూపిస్తున్నప్పుడు మీరు 105లో ఉంటారు. ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం తగ్గినట్టు తెలుస్తుంది, గేరు తరచూ మార్చాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి గుంతలో దిగితే లోపల మడ్ ఫ్లాపుకి రాసుకునే అవకాశం ఉంది. కింద స్టెప్నీ పెట్టే చోట పడుతుందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక మడ్ టైర్లు. వరి మడిలో దమ్ము చక్రాలతో దున్నిన ట్రాక్టరుని అలాగే తారు రోడ్డెక్కిస్తే ఎలా ఉంటుంది? అంత కాకపోయినా ఆ జాతే. నేను వెక్కిరించడం లేదు, మన ఎర్రమట్టి బురదలో మడ్ టైరుని కొట్టేది లేదు. ఆ మట్టి జిగురు మట్టి. ఆల్-టెర్రైన్ టైరు, అంటే రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే టైరు, దాని గాడుల్లో కూరుకుపోయి నాలుగు గజాల్లో టైరుని నున్నగా చేసేస్తుంది. మడ్ టైరు గాడులు వెడల్పు, చక్రం తిరుగుతుంటే మట్టిని విసిరేస్తుంది. కానీ మీ దారి లెక్క వేసుకోండి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి 80–90 కిలోమీటర్లు తారు రోడ్డే. అక్కణ్ణించి తోటకి మట్టి దారి ఎంత? రెండు మూడు కిలోమీటర్లా? మా బావమరిది తన బొలెరో క్యాంపరు పికప్‌కి మడ్ టైర్లు వేయించాడు. వానలో ఘాట్ దిగుతుంటే మలుపులో వెనక చక్రాలు పక్కకి జరిగాయి. పక్క సీట్లో నేనున్నాను, ఇప్పటికీ ఆ మలుపు వస్తే కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది. నేలని తాకే రబ్బరు తక్కువ కాబట్టి తడి తారు మీద వాటికి పట్టు తక్కువ. మోత సరేసరి, లోపల పాటలు వినపడవు.

వారంలో ఐదు రోజులు బురదలోనే పని అయితే మడ్ టైర్లు వేయించండి. లేదంటే ఆల్-టెర్రైన్ వేసుకుని, గాలి దించడం నేర్చుకోండి.

ఈ గాలి విషయం ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు. ఖాళీ బండికి నేను రోడ్డు మీద టైర్లలో గాలి 32 పీఎస్‌ఐ ఉంచుతాను. మట్టి దారి మొదలయ్యే చోట ఆగి 20కి దించుతాను. చెప్పులు విడిచి బురదలో నడిస్తే కాలి వేళ్లు విప్పుకుంటాయి చూడండి, టైరు కూడా అలాగే పరుచుకుంటుంది. నేల మీద దాని అచ్చు పొడవవుతుంది, రాయి మీద కోసుకోకుండా ఒంగుతుంది. సైడ్‌వాల్ ఎక్కువ ఉండాలనడానికి ఇది రెండో కారణం, 20 అంగుళాల చక్రానికి దించడానికి రబ్బరెక్కడిది? అయితే లోడు ఉన్నప్పుడు ఇంత దించొద్దు. మరీ 15 కంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. బ్యాటరీకి తగిలించే కంప్రెసరొకటి, గేజొకటి బండిలో పెట్టుకోండి.

రిమ్ము కొనేటప్పుడు బోల్టుల కొలత 6x139.7 అని ఉండాలి. ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత, కంపెనీదానికి దగ్గరగా ఉండాలి. స్టైలుకని చక్రాన్ని బయటికి జరిపితే వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు గుంతల్లో చేతిలోంచి గుంజుకుంటుంది, బురదంతా తలుపుల మీదే. కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చెప్తోంది. మడ్‌గార్డు దాటి టైరు బయటికి కనిపిస్తే చెక్‌పోస్టులో మొదట ఆపేది మిమ్మల్నే, క్లెయిమ్ వచ్చినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు అడిగేదీ అదే. సైజు కంపెనీదానికి దగ్గరగా ఉంచుకోమనడానికి అదీ ఒక కారణం. అల్లాయే కావాలని లేకపోతే ఇనప రిమ్ము వేసుకోండి. అందం లేదు, బరువు కూడా. కానీ వంగితే సుత్తితో సరిచేసుకుని ఇంటికి రావచ్చు.

జీడిగింజలు మోస్తారు కాబట్టి లోడ్ ఇండెక్స్ చూడండి. 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు, 116 అంటే 1250. కంపెనీ టైరు మీదున్న అంకె కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. టైరు మీద మంచు కొండ గుర్తు ఉందని ఎక్కువ డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి. లంబసింగిలో ఎంత చలి ఉన్నా టైరు కింద మంచు పేరుకోదు.

ఇప్పుడు బ్రాండ్. నా బండికి యోకోహామా జియోలాండర్ ఏటీ (ఆల్-టెర్రైన్) ఉంది, నాకు బాగానే నడుస్తోంది. మీ ఊళ్లో దొరికేది, రేపు ఒకటి కోసుకుపోతే అదే సైజులో మళ్లీ తెచ్చివ్వగలిగేది తీసుకోండి. నాలుగు కాదు, ఐదు కొనండి. 4x4 వేసినప్పుడు ముందు, వెనక చక్రాలు ఒకే లెక్కలో తిరగాలి, వేరే సైజు స్టెప్నీ తగిలించి నడిపితే గేర్లు నలుగుతాయి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి, 3223 అంటే 2023లో 32వ వారం తయారైంది. రెండేళ్లు గోడౌన్లో పడున్నవి కొత్తవని అంటగడతారు. కొత్త రిమ్ములు బిగించాక వంద కిలోమీటర్లకి నట్లు మళ్లీ ఒకసారి బిగించుకోండి, షాపువాడు చెప్పకపోయినా.