కంప్యూటర్ భద్రత: పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పిక్కల కొనుగోళ్లు, కూలీల బట్వాడా, జీఎస్టీ బిల్లులు అన్నీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచుతాము. కిందటి వారం ఉదయం కంప్యూటర్ తెరిస్తే ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివర అర్థం కాని అక్షరాలు చేరాయి. బిట్‌కాయిన్లలో సొమ్ము పంపితేనే తాళం తీస్తామని ఒక నోటు కనిపించింది. రోజూ బ్యాకప్ తీసే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పరిస్థితీ ఇంతే. అడిగిన సొమ్ము కట్టేయమంటారా?

— ఒక వ్యాపారి, పలాస

జవాబు: కట్టవద్దు. మీ కంప్యూటర్‌లోకి చొరబడింది ర్యాన్సమ్‌వేర్. అది ఫైళ్లను చెరిపివేయదు, ఎన్‌క్రిప్షన్‌తో చదవడానికి వీలు లేకుండా మార్చి, తాళంచెవిని తన దగ్గర ఉంచుకుంటుంది. సొమ్ము ముట్టాక ఆ తాళంచెవి ఇస్తారన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు. 2017 మే 12న మొదలై నూట యాభైకి పైగా దేశాలకు పాకిన వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా కొన్నింటిని పట్టుకుంది. అది మొదట అడిగింది మూడు వందల డాలర్లే అయినా, ఆ సొమ్ము ఎవరు కట్టారో పోల్చుకునే ఏర్పాటే అందులో సరిగా లేదు. ఆ దాడికి దారి ఇచ్చిన విండోస్ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది, దానిని వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ముందుగా ఆ కంప్యూటర్‌కు ఉన్న ల్యాన్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి. లేకపోతే ఆఫీసులోని మిగిలిన కంప్యూటర్లకూ అది పాకవచ్చు. మెకానిక్ వచ్చీ రాగానే ఫార్మాట్ చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఆ హార్డ్ డిస్క్‌ను విప్పించి పక్కన పెట్టి, కొత్త డిస్క్ మీద విండోస్ వేయించండి. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ‘నో మోర్ ర్యాన్సమ్’ అనే ఉచిత వెబ్‌సైట్ ప్రారంభించాయి. బెదిరింపు నోటును, తాళం పడిన ఫైళ్లలో వ్యాపార రహస్యం లేని ఒకటి రెండింటిని అందులో పెడితే, అది ఏ రకం ర్యాన్సమ్‌వేరో, దానికి విరుగుడు ఇప్పటికే దొరికిందో లేదో తెలుస్తుంది. ఈ రోజు విరుగుడు లేని రకానికి కొన్నాళ్ల తర్వాత దొరకడమూ ఉంది, పాత డిస్క్‌ను దాచమన్నది అందుకే. 1930 నంబరుకు గానీ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు కూడా నమోదు చేయించండి.

ఈలోగా లెక్కలు పూర్తిగా పోయాయని దిగులు పడవద్దు. దాఖలు చేసిన రిటర్నులు, ఈ-వే బిల్లులు ప్రభుత్వ పోర్టళ్లలో ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకు ఇస్తుంది. సంవత్సరాంతంలో ఆడిటర్‌కు ట్యాలీ డేటా పంపే అలవాటు ఉంటే మార్చి వరకు ఉన్న లెక్క ఆయన దగ్గరే భద్రంగా ఉండవచ్చు. చేతిరాత చిట్టాలు తప్ప మరెక్కడా ఉండని బట్వాడా వివరాలకే ఎక్కువ శ్రమ పడాలి.

ఇక మీ బ్యాకప్ ఎందుకు పోయిందంటే, ఆ డిస్క్ రాత్రింబవళ్లు కంప్యూటర్‌కే తగిలించి ఉంది కనుక. కంప్యూటర్‌కు కనిపించే డ్రైవ్ ఏదైనా ర్యాన్సమ్‌వేర్‌కూ కనిపిస్తుంది. రెండు డిస్క్‌లు కొని, ఒక వారం ఒకటి, మరుసటి వారం ఇంకొకటి వాడండి. కాపీ పూర్తి కాగానే డిస్క్ తీసి ఇంటి బీరువాలో పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ ఊరి దగ్గరే తీరం దాటింది కాబట్టి, ఒక కాపీ ఊరి బయట ఉండాలని మీకు విడమరచి చెప్పనక్కరలేదు. అది క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచే సేవలో, ఉన్నా సరిపోతుంది, కానీ పాత వెర్షన్లను కూడా దాచే సేవనే ఎంచుకోండి. లేదంటే తాళం పడిన ఫైలే అక్కడికీ చేరి మంచి కాపీని చెరిపేస్తుంది. నెలకొకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేనైతే బ్యాకప్ అనను. చివరగా ఒక మాట. మీ విండోస్, ట్యాలీ ‘క్రాక్’ చేసిన దొంగ కాపీలైతే, లేదా లెక్కలు రాసే ఆయన ఇంటి నుంచి పని చేసుకునేందుకు, దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి తేలికపాటి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, దొంగ వచ్చిన దారి బహుశా అదే.

ప్రశ్న: మా ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసినాయన నంబరు నుంచి ‘పీఎం కిసాన్’ పేరుతో ఒక ఫైలు వచ్చింది. నొక్కితే యాప్ పడింది. ఆ రాత్రే ఖాతాలో డబ్బు పోయింది. నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. అయినా తప్పు నాదేనని బ్యాంకు వారు అంటున్నారు.

— ఒక రైతు, గజపతినగరం

జవాబు: మీరు చెప్పకపోయినా ఓటీపీని ఆ యాప్ చదివింది. పేరు చివర ఏపీకే అని ఉండే అటువంటి ఫైలు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎస్సెమ్మెస్‌లు చూడటానికి అనుమతి అడుగుతుంది. మనం సరేనని నొక్కగానే, వచ్చే ప్రతి సందేశమూ దొంగకు చేరుతుంది. ఆ తెలిసినాయన ఫోను కూడా ఇలాగే చిక్కి ఉంటుంది, ఆయనకు తెలియకుండానే గ్రూపులకు ఆ ఫైలు వెళ్లి ఉంటుంది. ఏడాదికి ఆరు వేల రూపాయలను మూడు విడతలుగా ఇచ్చే ఆ పథకం అసలు యాప్ ప్లే స్టోర్‌లో దొరుకుతుంది, వాట్సాప్‌లో ఫైలుగా రాదు.

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మరొకరి ఫోన్ నుంచి 1930కి వెంటనే చెప్పండి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోగా ఎంత తొందరగా చెబితే అంత మేరకు ఆపే వీలుంటుంది. ఆ యాప్‌ను తొలగించే బటన్ పని చేయకపోతే, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అనే చోట దాని అనుమతి తీసేసి అప్పుడు తొలగించండి. కాల్స్ వేరే నంబరుకు మళ్లించారేమో కూడా చూసుకోండి: *#21# డయల్ చేస్తే తెలుస్తుంది, ##002# డయల్ చేస్తే మళ్లింపులు రద్దవుతాయి.

బ్యాంకు వారి మాటతో ఆగిపోవద్దు. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు బాధ్యతను రుజువు చేయవలసింది బ్యాంకే. ఖాతాదారు అజాగ్రత్త ఉన్నా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అయితే ఏపీకే వేసుకోవడాన్ని మీ అజాగ్రత్తగా బ్యాంకు వాదించే అవకాశం లేకపోలేదు. అందుకే ఫిర్యాదును లిఖితపూర్వకంగా ఇచ్చి, తేదీ, సమయం వేసిన రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు, వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

ప్రశ్న: విజయనగరంలో ఒక నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ప్రింటు తీయించాను. ఇప్పుడు ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి. ప్రాజెక్టు రిపోర్టు పోయినట్టేనా?

— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: చాలావరకు పోదు. ఆ వైరస్ మీ ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది; వాటిలో దేనినీ నొక్కవద్దు. యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపమని ఎంచుకుని, రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచమనే గుర్తు కూడా తీసేయండి. అసలు ఫోల్డర్లు, కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్‌లో, బయటపడతాయి. అందులోంచి మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఇకమీదట ప్రింటు కోసం పీడీఎఫ్‌ను ఆ సెంటర్ వారి మెయిల్‌కు పంపండి. వాట్సాప్ వెబ్ వాడవలసి వస్తే, లేచే ముందు లాగౌట్ చేసి, డౌన్‌లోడ్స్‌లోనూ రీసైకిల్ బిన్‌లోనూ మిగిలిన ఆధార్ కాపీని మీ చేత్తోనే తొలగించండి.