అమ్మలూ, దాణా గంప దగ్గర జాగ్రత్త

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

పశువైద్యం పట్టా చేతికొచ్చాక సొంత క్లినిక్ పెట్టుకోకుండా, లారీల్లో కుక్కి తరలించే పశువులను కాపాడేవాళ్లతో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతు నిండా బెంగ. నాకేమో బెంగతో పాటు గర్వం కూడా. రాత్రంతా నిద్ర లేదు.

పిచ్చికుక్క కాటుకు వేసే టీకాలు ముందే వేయించుకో. ఇది మాత్రం వాయిదా వేయకు. రాత్రిపూట పోలీసులు లేకుండా లారీకి అడ్డుపడకు. లారీకి ఆరు పశువులకు మించి ఎక్కించకూడదన్న 1978 నాటి నిబంధన కాపీ ఒకటి సంచిలో ఉంచుకో. జంతుహింసను ఆపడానికి చేసిన 1960 చట్టం కింద మొదటిసారి హింసించినవాడికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. టీ ఖర్చు! కోపం వస్తుంది, దిగమింగు.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా ఉన్నప్పుడు, ఒక మాఘమాసపు రాత్రి పద్దెనిమిది ఎద్దులతో వెళ్తున్న లారీని ఆపారు. డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. ఒకదాని కొమ్ము విరిగి నెత్తురు కారుతోంది. ఊరివాళ్లు చూడలేక గంపలతో అన్నం, బిందెలతో నూకల జావ తెచ్చారు. పెట్టండి అన్నది నేనే. ముద్దలు చేసి నోటికందించింది కూడా నేనే. అవి నా చెయ్యి నాకాయి. తెల్లారేసరికి నాలుగు లేవలేదు. పొట్టలు బిగుసుకుపోయాయి, పళ్లు కొరుకుతున్నాయి, నోటినుంచి పుల్లటి వాసన. అన్నం కడుపులో పులిసి ఆమ్లంగా మారిందని డాక్టరుగారు చెప్పారు. వంటసోడా కలిపి పట్టించాం. రెండు దక్కాయి. ఆ లారీలో చావని ఎద్దులు రెండు నా ముద్దలకు చచ్చాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇదంతా నువ్వు చదువుకున్నదే, తెలుసు. అయినా ఆకలి కళ్లు ఎదురుగా ఉంటే నీ చెయ్యి ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. ముందు నీళ్లు, అదీ కొద్దికొద్దిగా. ఆపైన ఎండుగడ్డి. దాణా మాట కొన్నాళ్లు ఎత్తకు. జనం తెచ్చిన గంపలు వెనక్కి పంపు. రాతిగుండెదంటారు, అననీ.

చిన్నప్పుడు నీ వాటా పెరుగన్నం మన దూడకు దొంగచాటుగా పెట్టేదానివి. చూసి కూడా మీ అమ్మకు చెప్పలేదు నేను. ముద్దుగా ఉండేది మరి.

టీకా వేయించుకున్న రోజు ఫోను చెయ్యి.

మీ పెదనాన్న