“ఏమీ జరగలేదు కదా” అంటే ఊరుకోకండి

ప్రశ్న: పది రోజుల కిందట హైదరాబాద్‌లో ఓ పార్టీలో మా చెల్లి కూల్‌డ్రింక్ ఒక్కటే తాగింది. అరగంటకల్లా కాళ్లు తేలిపోయాయట, తెల్లారేదాకా ఏమీ గుర్తులేదు. పోలీసులు “ఏమీ జరగలేదు కదమ్మా” అని దరఖాస్తు తీసుకుని పంపేశారు. రక్తపరీక్ష చేయించలేదు. ఇక కేసు లేనట్లేనా?

జవాబు: ఉంది. హాని చేయాలనో, మరో నేరానికి దారి చేసుకోవాలనో మత్తు ఇస్తే, ఆ ఇవ్వడమే భారతీయ న్యాయ సంహిత 123వ సెక్షన్ కింద నేరం. పదేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ ఉద్దేశంతో చెప్పకుండా వోడ్కా కలిపినా ఇదే సెక్షన్.

దరఖాస్తు రసీదుతో ఆగొద్దు. ఎఫ్ఐఆర్ నంబరు, ఉచిత కాపీ అడగండి. “ముందు విచారిస్తాం” అంటారు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(3) ఇచ్చే ఆ 14 రోజుల వెసులుబాటు మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాలకే. ఇది పదేళ్లది. అప్పటికీ కాదంటే డీసీపీకి రాతపూర్వకంగా పంపండి, ఆపైన మేజిస్ట్రేటు కోర్టు. అత్యాచారం అనుమానం ఉంటే ఎఫ్ఐఆర్ లేకున్నా ఆసుపత్రి పరీక్ష చేయాల్సిందే, ప్రైవేటులోనైనా చికిత్స ఉచితం.

పరీక్ష సమయం దాటిపోయింది, నిజమే. కేసులు ఎక్కువగా చేజారేది ఇక్కడే. జీహెచ్‌బీ (పానీయాల్లో కలిపే ఓ మత్తుమందు) లాంటివి రక్తంలో కొద్ది గంటలు, మూత్రంలో సుమారు 12 గంటలే కనిపిస్తాయి. అందుకే ఎవరికైనా ఇలా జరిగితే మెలకువ రాగానే వచ్చే మొదటి మూత్రం విలువైనది. ఆసుపత్రికి ఆలస్యమయ్యేలా ఉంటే శుభ్రమైన మూతడబ్బాలో పట్టి, సమయం రాసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. కోర్టులో దాన్ని ప్రశ్నిస్తారు, అయినా పారబోయడం కన్నా నయం. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించి, రక్తం, మూత్రం సీలు వేయించి, ఎఫ్ఎస్ఎల్‌కు (ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) పంపమనాలి. మామూలు స్ట్రిప్ పరీక్షకు జీహెచ్‌బీ దొరకదు. అందులో నెగటివ్ వచ్చిందంటే ఏమీ కలపలేదని కాదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది సీసీటీవీ. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. అంటే మీకు మిగిలింది 20 రోజులు. ఈరోజే ఇన్‌స్పెక్టర్‌కు రాసివ్వండి: ఏ కెమెరా, ఏ గంట నుంచి ఏ గంట దాకా, గ్లాసు ఎవరు తెచ్చారు, తను లేచి వెళ్లినప్పుడు అది ఎవరి ముందు ఉంది. బిల్లు, క్యాబ్ రసీదు, ఆ రాత్రి మెసేజీలు కూడా జతచేయండి. ఫుటేజీ కాపీతోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం) తీసుకోమని కూడా అడగండి. అది లేకపోతే కోర్టులో ఆ వీడియో మీద మొదటి అభ్యంతరం అదే వస్తుంది.