ఎత్నిక్ స్టడీస్ చదువుతానంటోంది... ఒప్పుకోవాలా?

ప్రశ్న: మేం 2014లో హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వచ్చాం, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాదీ పాపదీ దానిమీద వచ్చిన హెచ్-4. గ్రీన్ కార్డుకు కంపెనీ వేసిన పిటిషన్ ఐ-140 ఎప్పుడో అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు మాత్రం ఇంకా లైన్లోనే ఉంది. పాప 11వ గ్రేడ్, ఈ ఆగస్టులో 17 నిండుతాయి. మొన్నటిదాకా బయాలజీ అన్న పిల్ల, ఇప్పుడు యూసీ బర్కిలీలో ఎత్నిక్ స్టడీస్ చదువుతానని పట్టుబడుతోంది. స్కూల్లో ఆ క్లాసు తీసుకున్నప్పటి నుంచి ఇదే ధ్యాస. మావారు వారం రోజులుగా దానితో సరిగా మాట్లాడటం లేదు. ఆ డిగ్రీతో ఉద్యోగం వస్తుందా? పాపకు ఎలా నచ్చజెప్పాలి?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. పాపకు నచ్చజెప్పి మాన్పించాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. అలాగని "పిల్ల ఇష్టం, వదిలేయండి" అనీ అనను. మీరు ఉద్యోగం గురించి అడిగారు గానీ, పాపకు 21 ఏళ్లు నిండే రోజు గురించి అడగలేదు. మీ ఇంట్లో ఇప్పుడు అందరూ కలిసి చూసుకోవాల్సిన లెక్క అదే. అక్కడికి వస్తాను.

మీవారు ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ చదువు అనుకుంటూ ఉండొచ్చు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, వాళ్లతో కలిసి ఆసియా, మెక్సికన్, నేటివ్ అమెరికన్ విద్యార్థులు సమ్మెకు దిగారు. మా చరిత్ర మాకెందుకు చెప్పరు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ సమ్మె 1969 మార్చి దాకా సాగింది. దాని ఫలితంగానే అక్కడ ఎత్నిక్ స్టడీస్ కాలేజీ వచ్చింది. అదే ఏడు బర్కిలీలోనూ సమ్మె జరిగి, పాప అడుగుతున్న డిపార్ట్‌మెంట్ పుట్టింది. అంటే యాభై ఏళ్లు దాటిన చదువు ఇది. చరిత్ర, చట్టం, జనాభా లెక్కలు, వలస, ఆరోగ్యం అన్నీ కలగలిపి, ఈ దేశం ఎవరిని ఏ గడిలో పెట్టింది, దానివల్ల వాళ్ల బతుకులు ఏమయ్యాయి అని చూస్తారు.

మనవాళ్ల సంగతే తీసుకోండి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషికి వచ్చిన తీర్పు అది. మళ్లీ మనకు ఆ హక్కు దక్కింది 1946లో. 1970 సెన్సస్‌లో మనల్ని తెల్లవాళ్లతో కలిపి లెక్కేశారు, 1980కి 'ఏషియన్ ఇండియన్' అని విడిగా గడి వచ్చింది. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాలు ఎత్తేయబట్టే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రాగలిగారు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశంవాళ్లకైనా ఏడు శాతమే అన్న పరిమితి 1990 చట్టంలోది. మీవారి ఫైలు కదలకపోవడానికి కారణం ఆ ఏడు శాతమే. పాప చదువుతానంటున్నది మీ ఇంటి కథే అమ్మా. పదహారేళ్ల పిల్లకు అది పట్టుకుందంటే, నాకు ముచ్చటేసింది.

ఇక ఉద్యోగాలు. నా దగ్గరికి సలహాకు వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఏషియన్ అమెరికన్ స్టడీస్, పబ్లిక్ హెల్త్ రెండూ చదివి ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో చేరింది. ఒకసారి క్లినిక్‌లో నింపే ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. జాతి అన్నచోట 'ఏషియన్' అని ఒకటే గడి. "ఆంటీ, పంజాబీ బామ్మ, ఫిలిప్పీన్స్ నర్సు, వియత్నాం నుంచి వచ్చిన తాతగారు, ముగ్గురూ ఇందులోనే టిక్ పెడతారు. ముగ్గురి జబ్బులూ ఒకటేనా?" అంది. దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు, షుగర్ ముప్పు ఎక్కువ. అందర్నీ కలిపి సగటు తీస్తే ఆ సంగతి కనపడకుండా పోతుంది. ఆ అమ్మాయి పట్టుబట్టి తన క్లినిక్ వరకు ఆ గడిని ఆరుగా విడదీయించింది. కాగితం మీద ఆరు చిన్న డబ్బాలు. వాటిని చూపిస్తున్నప్పుడు ఆ పిల్ల ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఇలాంటి పనులు ఆరోగ్య శాఖల్లో, స్కూల్ డిస్ట్రిక్టుల్లో, న్యాయ సహాయ సంస్థల్లో, మ్యూజియాల్లో ఉంటాయి. లా స్కూలుకు ఫలానా డిగ్రీయే కావాలన్న నియమం లేదు, ఇది చదివి లాకు వెళ్లేవాళ్లు చాలామందే. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ పైన టీచింగ్ క్రెడెన్షియల్, అంటే టీచర్ లైసెన్సు కావాలి. కమ్యూనిటీ కాలేజీలో చెప్పాలంటే మాస్టర్స్ కావాలి. 2020లో వచ్చిన చట్టంతో కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) యూనివర్సిటీల్లో డిగ్రీ చేసే ప్రతి ఒక్కరూ ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి చదివి తీరాలి, కాబట్టి చెప్పేవాళ్ల అవసరం ఉంది. హైస్కూళ్లలో తప్పనిసరి చేస్తూ 2021లో చేసిన చట్టానికి మాత్రం రాష్ట్ర బడ్జెట్‌లో డబ్బు కేటాయించలేదు, అందుకే అది ఆగింది. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి. జీతం మొదట్లో మీ కాలనీలో సాఫ్ట్‌వేర్ పిల్లలకు వచ్చినంత రాదు. ఈ మాట పాపతో దాచకుండా చెప్పండి. బీఏతో ఆగిపోకుండా పై చదువు ఒకటి ఉంటేనే ఈ దారి గట్టిపడుతుందని కూడా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కౌంటీ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఇక్కడే పుట్టింది. మీ పాప అలా కాదు. 18 నిండి కాలేజీలో చేరుతుంది, నాలుగో ఏడు మొదలయ్యేసరికి 21. గ్రీన్ కార్డు ఆలోపు రాకపోతే ఆ రోజుతో హెచ్-4 అయిపోతుంది. గ్రీన్ కార్డుకు లెక్కేసే వయసులోంచి ఐ-140 పరిశీలనలో ఉన్న రోజుల్ని తీసేసే వెసులుబాటు ఒకటి చట్టంలో ఉంది. మీవారి కంపెనీ అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో వేసి పదిహేను రోజుల్లో తెచ్చుకుని ఉంటే, మీకు కలిసొచ్చేవి ఆ పదిహేను రోజులే. అప్పట్లో త్వరగా వచ్చిందని స్వీట్లు పంచి ఉంటారు. దీన్ని మీ అటార్నీతో ఒకసారి కచ్చితంగా లెక్క వేయించండి.

గ్రీన్ కార్డు రాని పక్షంలో పాప విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. అప్పుడు డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే కొన్నాళ్లు ఇక్కడ పనిచేసే అనుమతి వస్తుంది. ఎత్నిక్ స్టడీస్ ఒక్కటే చదివితే 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఆ మూడేళ్లలో హెచ్-1బి లాటరీకి మళ్లీ మళ్లీ వెయ్యొచ్చు, ఒక్క ఏడాదిలో అన్ని అవకాశాలుండవు. పైగా హెచ్-4లో ఉన్నన్నాళ్లూ పిల్లలు జీతం తీసుకునే పని ఏదీ చెయ్యకూడదు, క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగం కూడా. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) సంగతి ఎలా ఉన్నా, ఈ టెన్షన్ మీ ఇంటికి తప్పదు. దాన్ని ముందే చూసి దారి వేసుకోవాలి.

అందుకే నా సలహా, రెండు మేజర్లు. బర్కిలీలో ఇంటిగ్రేటివ్ బయాలజీ, ఎత్నిక్ స్టడీస్ రెండూ లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలోనే ఉన్నాయి. లేదంటే స్టాటిస్టిక్స్. పాపకు బయాలజీ ఇష్టం పోలేదు, ఇంకొకటి తోడైంది అంతేనని నా ఊహ, అడిగి చూడండి. సైన్సు మేజర్‌కు కెమిస్ట్రీ, మ్యాథ్స్ మొదటి ఏడాది నుంచే వరుసగా చేసుకురావాలి, మూడో ఏట గుర్తొస్తే కుదరదు. ఎత్నిక్ స్టడీస్‌కు అంత ముడి లేదు. రెండో మేజర్ స్టెమ్ అయి, యూనివర్సిటీ ఇచ్చే ఎఫ్-1 పత్రం ఐ-20లో నమోదై, చేసే పని దానికి సంబంధించినదైతే ఆ 24 నెలలు అడగొచ్చు. పీహెచ్‌డీ దాకా వెళితే ఇంకో మేలుంది, యూనివర్సిటీలు తమ ఉద్యోగులకు వేసే హెచ్-1బికి లాటరీ లేదు.

ఫీజు విషయంలో ఒక పని ఈ నెలలోనే చెయ్యండి. యూసీల్లో బయటి రాష్ట్రం వాళ్లకు అదనపు ఫీజు ఏటా 37 వేల డాలర్లకు పైనే ఉంది. పాప హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారితే ఆ అదనం మీద పడుతుందా అని యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు, ఇంత డబ్బు విషయంలో అవి పనికిరావు. కాల్ స్టేట్ క్యాంపస్‌లనూ అదే ప్రశ్న అడగండి. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ మీ ఇంటికి బార్ట్ రైల్లో వెళ్లొచ్చే దూరమే, ఈ సబ్జెక్టుకు పుట్టిల్లు కూడా.

మీవారికి ఒకటి చెప్పండి. నూరేళ్ల కిందట కనిగిరి ప్రాంతం నుంచి దరిశి చెంచయ్య అనే తెలుగు కుర్రాడు చదువుకోసం కాలిఫోర్నియా వచ్చి, భారత స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీలో చేరాడు. ఆ పార్టీ 1913లో ఈ తీరంలోనే పుట్టింది. తెలుగువాళ్ల కథ ఇక్కడ సాఫ్ట్‌వేర్‌తో మొదలు కాలేదు. దాన్ని వెతికి రాసేవాళ్లు మనలో బహు తక్కువ. మీ పాప లాంటి వాళ్లు రాకపోతే ఆ పని అలాగే ఉండిపోతుంది.

యూసీ అప్లికేషన్ల గడువు నవంబరు ఆఖర్లో పడుతుంది, మీకు చేతినిండా టైముంది. ఐ-140 నోటీసు ఇంట్లో ఏ ఫైల్లో ఉందో మీవారికి తెలిసే ఉంటుంది. ఈ శనివారం దాన్ని తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పాపను పిలిచి, అందులో గ్రీన్ కార్డు లైన్లో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్ అంటే ఏమిటో ఆయన్నే చెప్పమనండి. ఇన్నేళ్లలో పాప ఆ కాగితాన్ని చూసి ఉండదు. ఆయన చెప్పడం అయ్యాక, ఆ ఏడు శాతం నియమం ఎందుకు పెట్టారో పాపను చెప్పనివ్వండి.