‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది’: క్రియను బట్టి స్త్రీ స్థానాన్ని కొలవవచ్చునా?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మహత్తు, అమహత్తు పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, ‘అబ్బాయి వచ్చాడు అంటాం, అమ్మాయి వచ్చింది అంటాం, ఆవు వచ్చింది అంటాం. అంటే మన భాష ఆడవాళ్ళను పశువుల్లో కలిపేసిందా?’ అని అడిగింది. ఏమని జవాబు చెప్పాలి? ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి రాసేటప్పుడు ఏ క్రియ వాడాలో కూడా తెలియజేయగలరు. (ఒక తెలుగు ఉపాధ్యాయిని)

సమాధానం: ఆ అమ్మాయి గమనించినది ఉన్న విషయమే. స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కానివి మహత్తులని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. పశుపక్ష్యాదులకూ రాళ్ళకూ రప్పలకూ ముందు స్త్రీని నిలబెట్టిన ఆ వరుస చదివితే ఈనాటి బాలికకే కాదు, ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయితే ఇందులో రెండు విషయాలున్నాయి. ‘డు’, ‘ది’ అనే క్రియాంతాల పంపకం జనం నోట శతాబ్దాలుగా ఉన్నది. దాన్ని ఏ పండితుడూ కల్పించలేదు. ఒక వర్గానికి ‘మహత్తు’ అని, రెండో వర్గానికి ‘అమహత్తు’ అని పేర్లు పెట్టడం మాత్రం వ్యాకర్తల పని. పురుషుణ్ణి గొప్పవాడుగా తలచే దృష్టి ఆ పేర్లలో ఉన్నదంటే నేను కాదనను. క్రియాంతానికి మాత్రం ఆ నేరం అంటగట్టలేము.

ఎందుకంటే ‘వచ్చింది’ అనేది ఆవుకే పరిమితం కాదు. ఎద్దూ వచ్చింది, దున్నపోతూ వచ్చింది, బస్సూ వచ్చింది, వానా వచ్చింది. కనుక ఏకవచనంలో ఒకవైపు మానవ పురుషుడు (దేవుళ్ళూ, సూర్యచంద్రులూ అతని పక్షమే), మరోవైపు తక్కిన సమస్తం. బహువచనానికి రాగానే ఈ గీత చెరిగిపోయి మరోచోట పడుతుంది. ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. లెక్కపెట్టేటప్పుడూ అంతే: ఇద్దరు అమ్మాయిలు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటాం గాని, ‘రెండు అమ్మాయిలు’ అంటే మీ తరగతిలో పిల్లలందరూ నవ్వుతారు. స్త్రీని మనిషిగా లెక్కించని భాష అయితే ఈ ‘ఇద్దరు’ ఎక్కడిది?

పొరుగు భాషలను చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. తమిళ, కన్నడాలలో ఏకవచనంలోనే స్త్రీకి వేరుగా సర్వనామమూ క్రియాంతమూ ఉన్నాయి. తెలుగుకు దగ్గరి చుట్టాలైన గోండీ, కువి వంటి భాషలలో బహువచనంలో కూడా స్త్రీలు పురుషేతర వర్గంలోనే ఉంటారు. ఏకవచనంలో పురుషుడు ఒకవైపు, తక్కినవి ఒకవైపు అనే పద్ధతే మూల ద్రావిడానిదనీ, తమిళ కన్నడాలలో కనిపించే ప్రత్యేక స్త్రీ రూపం తరవాత ఏర్పడినదనీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి నిరూపించే ప్రయత్నం చేశారు. ఇప్పుడు క్రియాంతమే స్త్రీ స్థానానికి కొలత అనుకుంటే, తమిళ స్త్రీ తెలుగు స్త్రీకి ఒక మెట్టు పైన, గోండు స్త్రీ ఒక మెట్టు కింద ఉన్నారని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ సమాజాలను ఎరిగినవారెవరూ అందుకు ఒప్పుకోరు. బెంగాలీలో స్త్రీకైనా పురుషుడికైనా ‘శే’ అన్న ఒకే సర్వనామం, క్రియలో లింగభేదమే లేదు. అయినా సతీసహగమనాన్ని నిషేధిస్తూ 1829లో శాసనం చేయవలసి వచ్చింది ఆ బెంగాల్‌లోనే.

లోకంలోని లింగమూ శబ్దానికి ఉండే లింగమూ ఒకటి కావన్న సంగతిని సంస్కృత వైయాకరణులు ఏనాడో తర్కించారు. భార్య అనే అర్థంలో ‘భార్యా’ స్త్రీలింగం, ‘కళత్రమ్’ నపుంసకలింగం, ‘దారాః’ పుంలింగం, పైగా నిత్య బహువచనం. ఒకే ఇల్లాలు మూడు లింగాలలో ఉన్నదన్నమాట! పతంజలి మహాభాష్యంలో ఈ చర్చ మరీ ఆసక్తికరంగా సాగుతుంది. స్తనాలు, కేశాలు ఉన్నది స్త్రీ, రోమాలు ఉన్నవాడు పురుషుడు అన్న లౌకిక లక్షణాన్ని మొదట చెప్పి, వెంటనే దానికి ఆక్షేపణ లేవనెత్తుతారు. ఈ లక్షణమే ప్రమాణమైతే, నాట్యంలో స్త్రీ వేషం కట్టే ‘భ్రూకుంసుడి’కి స్త్రీ ప్రత్యయం చేర్చవలసి వస్తుందిగదా అని ఒక ఆక్షేపణ, మంచానికి (ఖట్వా) స్త్రీ లక్షణాలూ, చెట్టుకు (వృక్షః) పురుష లక్షణాలూ ఎక్కడున్నాయని మరొకటి. చివరికి వ్యాకరణంలో లౌకిక లింగం పనికిరాదని తేలుస్తారు. భ్రూకుంసుడి ఉదాహరణ మనకు కొత్తదేమీ కాదు. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ వేషం గురించి చెప్పేటప్పుడు, ‘స్థానం వారు రంగం మీదికి వచ్చారు, భామ అలిగింది’ అని ఒక్క ఊపిరిలో రెండు క్రియలు వాడతాం. వినేవారిలో ఎవరూ తికమకపడరు.

అయితే తెలుగు భాషా వ్యవహారంలో స్త్రీ పురుష అసమానత లేనే లేదా అంటే, ఉన్నది. వ్యాకరణం నిర్బంధించిన చోట కాక, ఎంపికను మనకు వదిలిన చోట దాన్ని వెతకాలి. ‘మా వారు వచ్చారు’ అంటుంది భార్య. ‘మా ఆవిడ వచ్చింది’ అంటాడు భర్త. ‘మా ఆవిడ వచ్చారు’ అనడానికి ఏ సూత్రమూ అడ్డం రాదు, అయినా అంటే చుట్టూ ఉన్నవారు ముసిముసిగా నవ్వుతారు. ఎన్నో ఇళ్ళలో పిల్లలు ‘నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది’ అంటారు. భార్య నోట ‘ఏమండీ’, ‘మీరు’. భర్త నోట ‘ఏమే’, ‘నువ్వు’. ఈ తేడా అన్ని కులాలలో, అన్ని ప్రాంతాలలో ఒకేలా లేదు. ఆలుమగలిద్దరూ ‘నువ్వు’ అనుకునే ఇళ్ళు పూర్వమూ ఉన్నాయి, ఇప్పుడు ఇంకా పెరిగాయి. వాడు, అతను, ఆయన అనే మెట్లకు అది, ఆమె, ఆవిడ అనే మెట్లు జోడుగానే కనిపిస్తాయి గాని, ‘ఆయన’ దగ్గర క్రియ ‘వచ్చారు’గా మారినంత సులువుగా ‘ఆవిడ’ దగ్గర మారదు. మీ విద్యార్థినులకు ఇదే అభ్యాసంగా ఇవ్వండి: ఇంట్లో ఎవరి గురించి ‘రు’ వినిపిస్తున్నది, ఎవరి గురించి ‘ది’ వినిపిస్తున్నది, వారం రోజులు రాసుకురమ్మనండి. మహత్తు, అమహత్తు పాఠం కంటె అందులో ఎక్కువ నేర్చుకుంటారు.

‘లింగం’ అనే మాట మీద మోపిన బరువు గురించి కూడా ఒక మాట చెప్పాలి. లింగ నిర్ధారణ పరీక్ష అన్నప్పుడు అది శరీరానికి సంబంధించినది, లింగ వివక్ష అన్నప్పుడు సమాజం కల్పించిన భేదానికి సంబంధించినది, పుంలింగం అన్నప్పుడు వ్యాకరణానిది. ఈ చిక్కు తెలిసినందువల్లనే స్త్రీవాద రచయితలు రెండో అర్థానికి ‘జెండర్’ అన్న మాటను ఉన్నదున్నట్టుగా స్వీకరించారు. అది సబబే. ‘లైంగిక’ అనే మాటను మాత్రం లైంగిక వేధింపులు, లైంగిక ఆకర్షణ వంటి చోట్లకే ఉంచడం మంచిది. ‘లైంగిక సమానత్వం’ అని రాస్తే చెప్పదలచినది ఒకటి, స్ఫురించేది మరొకటి అవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. తన జెండర్ ఏమిటో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో తీర్పు చెప్పింది. రచయిత కూడా దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ట్రాన్స్ మహిళ అయితే ‘ఆమె వచ్చింది’, ట్రాన్స్ పురుషుడైతే ‘అతను వచ్చాడు’. నేరవార్తలలో ఒకే వ్యక్తిని పై వాక్యంలో ‘ఆమె’ అని, కింది వాక్యంలో ‘అతడు’ అని రాయడం వ్యాకరణ దోషమే కాదు, అవమానం కూడా. హిజ్రా అనేది ఒక సంప్రదాయ సముదాయానికి పేరు. ఆ సముదాయానికి చెందినవారికే వాడాలి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరికీ పర్యాయపదంగా కాదు. నపుంసకుడు, కొజ్జా అనే మాటలను తిట్లుగా వాడీ వాడీ చెడగొట్టాం. ఇక వాటిని రాతలో వాడకూడదు. నిజాం కాలంలో, 1919లో చేసిన చట్టమొకటి ‘యూనక్’ (నపుంసకుడు అనే అర్థంలో ఇంగ్లీషు మాట) అన్న ముద్ర వేసి ఈ వ్యక్తుల పేర్లను పోలీసు రిజిస్టరుకెక్కించింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టివేసింది. పేరు పెట్టడం ఎంతదాకా పోగలదో చూడండి.

ఆమె అనాలో అతను అనాలో తెలియనప్పుడూ, ఆ రెండూ తమకు వద్దని వారే చెప్పినప్పుడూ తెలుగుకు కొత్త సర్వనామం కల్పించనక్కరలేదు. తలుపు చప్పుడైతే, బయట ఉన్నది ఎవరో తెలియక ‘ఎవరో వచ్చారు’ అంటాం. ఒకడు, ఒకతె అన్న మాటల పక్కనే ‘ఒకరు’ ఉన్నది. ‘ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి ఒకరు నామినేషన్ వేశారు, వారు మాట్లాడుతూ...’ అన్న వాక్యంలో కృతకత్వం ఏమీ లేదు. ఎవరైనా తమ గురించి తాము చెప్పుకునేటప్పుడు మనకు హిందీకి లేని సౌలభ్యం ఉన్నది: హిందీలో ‘వచ్చాను’ అనడానికే స్త్రీకి ఒక రూపం, పురుషుడికి ఒక రూపం; తెలుగులో ‘వచ్చాను’, ‘వచ్చావు’ అందరివీ. ‘నేను చిన్నవాణ్ణి’, ‘నేను చిన్నదాన్ని’ వంటి నామవాక్యాలలో మాత్రం ఏదో ఒక రూపం ఎంచుకోక తప్పదు. అలాంటి వాక్యాన్ని ఎవరి మాటలుగానైనా ఉటంకించేటప్పుడు, వారు ‘దాన్ని’ అంటే ‘దాన్ని’ అనే, ‘వాణ్ణి’ అంటే ‘వాణ్ణి’ అనే అచ్చువేయాలి. ప్రూఫు దిద్దేవారు దాన్ని సవరించకూడదు.